ముక్కుగారు సెలవు పెట్టిన రోజు

ఫోను తెరమీద ఆ బుల్లి బండిబొమ్మ ఇంకా అక్కడే ఉంది, వంతెన అవతల, కదలకుండా, మొండిగా. కదలవేం తల్లీ, అని ఆమె దాన్ని వేలితో తోసింది. తోస్తే కదిలేదైతే ఇంకేం, పటం పక్కకి జరిగింది గానీ బండి జరగలేదు. డెలివరీకి బయల్దేరింది అని పొద్దున వచ్చిన మెసేజి మధ్యాహ్నం దాటినా అదే మాటమీద ఉంది. తినడానికి ఆగాడేమో, మనిషన్నాక తినడా, తిననీ పాపం, కానీ సాయంత్రం కాకముందే రావాలి. రాకపోతే తర్వాత వచ్చి ఏం లాభం, కార్ఖానా ముందు వ్యాను వచ్చి నిలబడుతుంది, నెలవారీ చందాదారుల పెట్టెలన్నీ అందులోకి ఎక్కుతాయి, తలుపు మూస్తారు, ఇక ఎవరూ ఏమీ చేయలేరు. ఆ పెట్టెల్లోకి వెళ్ళే కాఫీ గింజల్నే ఆమె ఒక పొట్లం ఇంటికి తెప్పించుకుంటోంది. తాను పనిచేసే చోటినుంచే, తాను రుచి చూసి సరేనన్న సరుకునే, మామగారి పేరు పెట్టి ఆన్‌లైన్‌లో ఆర్డరు చేసి, జ్వరమని అబద్ధమాడి సెలవు పెట్టి, కుర్చీకీ కిటికీకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఇది దొంగతనం కూడా కాదు. దొంగతనమైతే ఇంత భయం ఉండేది కాదేమో.

ముక్కుగారు అంటారు ఆమెని అక్కడ. ఎదురుపడితే మేడం, వెనక్కి తిరిగితే ముక్కుగారు. తనకి తెలియదనుకుంటారు గానీ తెలుసు, తెలిసి లోపల్లోపల మురిసిపోయేది కూడా. వచ్చింది పొట్లాలమీద లేబుళ్ళు అంటించడానికి. లేబులు వంకరపోకుండా అంటించడం తప్ప కాఫీ గురించి ఏమీ తెలియని రోజుల్లో, రుచిచూసే బల్ల పక్కనుంచి జిగురుడబ్బా పట్టుకుని వెళుతూ, ఆ చివరి కప్పు ఎవరో సబ్బుతో కడిగి సరిగ్గా తొలవలేదండీ, అనేసి నాలుక కరుచుకుంది. గింజలు వేయించే మాస్టారు ఆ కప్పు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని, ఆమె వంక చూసి, ఆ డబ్బా కింద పెట్టమ్మా, అన్నాడు. పెట్టింది, మళ్ళీ ఎత్తలేదు. తర్వాత ఎన్నాళ్ళు నేర్పాడో ఆయన! అరిగిన చెప్పు, చెక్కిన పెన్సిలు, గీసిన అగ్గిపుల్ల, నిమ్మతొక్క, తడిసిన అట్టపెట్టె, అన్నీ కళ్ళు మూసుకుని వాసన చూడమనేవాడు, పేరు పెట్టమనేవాడు, పేరు పెట్టకపోతే ఎగిరిపోతుందమ్మా వాసన, పట్టుకోవడానికి దానికి కాళ్ళా చేతులా, అనేవాడు. ఇప్పుడు పేర్లన్నీ భద్రంగా ఉన్నాయి. నిమ్మతొక్క అనుకుంటే నిమ్మతొక్క అన్న మాట వస్తుంది, మాట వెనక రావాల్సింది రాదు.

మామూలు జ్వరమే. మొగుడికీ వచ్చింది, తనకీ వచ్చింది, అతనిది పోయింది, తనదీ పోయింది, పోతూ పోతూ ముక్కులో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. ముందు స్నానాల గదిలో తెలిసింది, సబ్బు చేతిలో జారుతోంది గానీ సబ్బులా లేదు. తువ్వాలు చుట్టుకుని తడికాళ్ళతోనే వంటింట్లోకి పరిగెత్తి డబ్బాల మూతలన్నీ ఊడదీసింది, మిరియాలు, లవంగాలు, వెల్లుల్లి, చివరికి గిన్నెలు తోమే పొడి కూడా. టీవీకి మాట కట్టేసినట్టు అన్నీ కనబడుతున్నాయి, ఒక్కటీ పలకదు. పులుపు తెలుస్తుంది, చేదు తెలుస్తుంది, ఉప్పూ తీపీ తెలుస్తాయి, వాటి మధ్యన ఉండే లోకమంతా ఏమైపోయిందో! వస్తుందమ్మా, అన్నాడు డాక్టరు, కొందరికి వారాల్లో, కొందరికి నెలల్లో, కొందరికి, అని ఆగి కంప్యూటరు వైపు తిరిగాడు. ఆ మూడో కొందరిలో నేనున్నానా అని అడగకుండానే వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే, అయ్యో, విశ్రాంతి తీసుకోండి అంటారు, మంచిగానే అంటారు, ఆ విశ్రాంతిలోంచి మళ్ళీ పిలవరు. ముక్కులేని ముక్కుగారిని చూసి జాలిపడతారే, ఆ జాలి భరించేదెలా? రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది, అని పొద్దున లేవగానే దిండు వాసన చూడటం అలవాటైంది. ఒకసారి నిద్రలో ఉన్న మొగుడి మెడలో మొహం దాచుకుంది, అక్కడైనా ఉంటుందేమోనని. వెచ్చగా ఉంది, అంతే. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి, పక్కనున్నది అతనేనని ముక్కు చెప్పడం మానేసింది. ఏడుపొచ్చింది. ఏంటి, అన్నాడతను కళ్ళు తెరవకుండా. ఏంలేదు పడుకో, అంది.

బండి కదిలింది! కదిలింది, వంతెన ఎక్కింది, దిగింది, ఇటే, ఇటే, అయ్యో అటెందుకు పోతావురా నాయనా, అటు ఆసుపత్రి, ఇటు మేము. ఆగిపోయింది మళ్ళీ. ఎవరికో ఏదో ఇస్తున్నాడు, చెప్పులో చార్జరో, వాళ్ళకి అంత తొందరుండదు. వ్యాను ఈపాటికి బయల్దేరి ఉంటుందా? లేదు, ఇంకా ఎండ ఎదురింటి గోడమీదే ఉంది, అది దిగి మెట్లమీదికి వస్తే అప్పుడు భయపడాలి. ఇప్పుడు పడుతున్నది భయం కాక మరేంటట!

అసలు తప్పు బల్ల దగ్గర జరిగింది. ఆ బల్లకో పద్ధతుంది. కొత్త సరుకు వస్తే వరుసగా కప్పులు పెడతారు, పొడిమీద వేడినీళ్ళు పోస్తారు, పైన తెట్టు కడుతుంది, చెంచాతో తెట్టు విరగ్గొట్టి ముక్కు దించాలి, తర్వాత చెంచాడు జుర్రున పీల్చి ఉమ్మేయాలి. పెద్ద టేస్టరు, అంటే ఇప్పుడు ఆమే, చెంచా కింద పెట్టేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, పెదవి విరవకూడదు. ఒకరి మాట ఇంకొకరి నాలుకమీద పడకూడదని మాస్టారు పెట్టిన కట్టుబాటు. వేయించిన మనిషి రుచి చెప్పకూడదన్నదీ ఆయన పెట్టిందే, తన పిల్ల తనకి ముద్దు కదా, అంటాడు, అందుకని ఆయన దూరంగా నిలబడతాడు. జ్వరం తర్వాత వచ్చినవన్నీ పాత తోటల సరుకులు, నిద్రలో అడిగినా చెప్పగలదు, ఎలాగో నెట్టుకొచ్చింది. ఇది మాత్రం కొత్త తోటది. ఆమె తెట్టు విరగ్గొట్టింది, ముక్కు దించింది, ఆవిరి తగిలింది, ఆవిరి తప్ప ఏమీ తగల్లేదు. పీల్చింది, కాస్త పులుపు, కాస్త చేదు. ఎదురుగా రెండో టేస్టరు, టీ కంపెనీనుంచి వచ్చిన బట్టతల పెద్దమనిషి, మంచివాడే, కాఫీకి కొత్త. ఆయన కనుబొమ ముడిపడుతుందేమోనని ఆయన మొహంలోకి చూసింది. ఆయన కూడా ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఆయన మొహంలో ఏమీ లేదు కదా, బాగానే ఉండి ఉంటుందని ఆమె తల ఒక పిసరు ఊపింది. ఆమె ఊపింది కదా, బాగానే ఉండి ఉంటుందని ఆయనా ఊపాడు. చెంచాలు కింద పెట్టారు. పాస్. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఆ సరుకు జనంలో పడింది. రెండు ముక్కులున్న బల్లమీద ఒక్క ముక్కూ పనిచేయలేదని ఎవరికి తెలుసు, తనకి తప్ప.

ఆ సరుకు వచ్చిన సంచులు. ఆ సంచుల అంచులు నల్లగా ఉన్నాయా, నీడపడి అలా కనబడ్డాయా? దించుతున్నప్పుడు తను అక్కడే ఉంది, చేతితో తడిమి చూడొచ్చు కదా, ముక్కు లేకపోతే చెయ్యి లేదా? వాన పడిందా ఆ ముందురోజు? పడింది. లేదు, తుంపర. తుంపరకి లారీ పట్టా చాలదా? చాలుతుంది, చిరుగు లేకపోతే. ఇవన్నీ అప్పుడు తోచవు, తేలుకుట్టిన దొంగలా ఉన్న మనిషికి ఎదుటివాళ్ళు తనని చూస్తున్నారా లేదా అన్నదే తోస్తుంది, సంచులెక్కడ తోస్తాయి. వెబ్‌సైటులో ఒకాయన రాశాడు, గోనెసంచి నానబెట్టిన నీళ్ళలా ఉంది, ఇలాంటి కాఫీ పంపడానికి సిగ్గులేదా, అని. దాని కిందే ఇంకొకావిడ, చాలా బాగుంది, మా ఇంట్లో అందరికీ నచ్చింది, అని రాసింది. ఎవరిది నిజం? కొందరు తిట్టడానికే కొంటారు, కొందరికి వేడిగా ఉంటే చాలు. ఆమె ఆ రెండు రాతల్నీ మార్చి మార్చి చదివింది, చదివితే వాసన వస్తుందేమోనన్నట్టు.

ఓనరు కూడా చదివాడు. చదివి నిన్న గింజలు వేయించే డ్రమ్ము దగ్గరికి వచ్చాడు. కుర్రతనం పోని మనిషి, చెడ్డవాడు కాదు, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. మాస్టారూ, మీకు వయసైంది, మంట తగ్గించి ఉంటారు, లోపల పచ్చి మిగిలింది, ఇక డ్రమ్ము దగ్గర వేరే వాళ్ళని పెడదాం లెండి, మీరు కూర్చుని చెప్పండి చాలు, అన్నాడు, అందరూ వింటుండగానే. ఆమె అక్కడే ఉంది, పొట్లం చేతిలో పట్టుకుని, కుక్కినపేనులా. మాస్టారు కోప్పడతాడనుకుంది, కోప్పడితే బాగుండును. ఆయన తన అరచేతుల వంక చూసుకున్నాడు. ముక్కుగారు సరుకు బాగుందన్నారు కదా సార్, ఆవిడ ముక్కు తప్పదు, అయితే నా చేతిలోనే తేడా అయి ఉంటుంది, అన్నాడు. గింజ చిటపటలాడే చప్పుడు విని మంట దించే మనిషి, నలభై రకాల వాసనలకి పేర్లు నేర్పిన మనిషి, తన చేతికన్నా ఆమె ముక్కునే నమ్మాడు. అప్పుడైనా నోరు విప్పాల్సింది. ఒక్క మాట. విప్పలేదు. ఇంటికి వచ్చేసింది.

అప్పుడు తట్టింది ఈ ఆర్డరు సంగతి. ముందు తెలుసుకోవాలి. సరుకు నిజంగా బాగుంటే ఆ రాసినాయన నోరే బాగాలేదన్నమాట, మాస్టారి చెయ్యీ బాగున్నట్టే, తనకీ ఇంకొన్నాళ్ళు గడువు దొరుకుతుంది. బాగోకపోతే, బాగోకపోతే సంగతి తర్వాత. కార్ఖానాలో ఇంకొకరిచేత రుచి చూపించాలన్నా, ఒక పొట్లం ఇంటికి అడిగినా ఎందుకు అని అడుగుతారు, ఎందుకు అన్నదానికే కదా జవాబు లేనిది. మరి ఇంట్లో ఎవరు చూస్తారు? మొగుడా? అతనికి మాడింది పెట్టినా బాగుందంటాడు, పెట్టకపోయినా బాగుందంటాడు, పెళ్ళైన కొత్తలో అదే ప్రేమనుకుని పొంగిపోయింది, ఇప్పుడు ఆ నాలుక ఎందుకూ కొరగాదు. మిగిలింది పక్కగదిలో పేపరు చదువుకుంటున్న మామయ్య.

మామయ్య! అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది దిద్ది రిటైరైనా చేతిలో ఎర్రపెన్సిలు రిటైరవలేదు. పేపరు చదవడు, దిద్దుతాడు. మందుసీసాల మీద రాత దిద్దుతాడు, కరెంటు బిల్లు దిద్దుతాడు, కోడలు చేసిన వంటకి దిద్దుబాట్లు మొదలుపెడితే ఇక అంతే. కూరలో ఉప్పు దారి తప్పిందా అమ్మాయ్? ఈ టీ ఎవరు కాచారు, మునిసిపాలిటీ వాళ్ళా? ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ ఆయన నోట బాగుంది అన్నమాట ఆమె విననేలేదు. ఫరవాలేదు అన్నరోజు పండగ. ఎన్నిసార్లు వంటింట్లో గిన్నె విసిరికొట్టబోయి నెమ్మదిగా పెట్టిందో, ఎన్నిసార్లు మొగుడిమీద ఆ కోపం తీర్చుకుందో! అదే నోరు ఇవాళ కావాలి. మొహమాటం లేని నోరు, తెలుపుని తెలుపు, నలుపుని నలుపు అనే నోరు. దానికోసం ఆయన పేరుమీదే తెప్పిస్తోంది, కాళ్ళబేరానికి వచ్చినట్టే ఉంది. పైగా ఈమధ్య ఆయన వంటింట్లోకి మరీ తరచుగా వస్తున్నాడు, మంచినీళ్ళంటాడు, కళ్ళజోడు మర్చిపోయానంటాడు, పొయ్యి దాకా వచ్చి వెళతాడు. తప్పులు పట్టడానికి భోజనాల బల్ల చాలక వంటింటిదాకా వస్తున్నాడని ఆమెకి ఒళ్ళు మండింది. పాలగిన్నె మూత తీసి చూసి, ఇవి నేను పారబోస్తాలే, అని తీసుకెళ్ళాడొకసారి. ఏం, నేను పారబోయలేనా, అనుకుంది పళ్ళు కొరుకుతూ. ఏమీ అనలేదు. ఆయనా ఏమీ అనలేదు.

బెల్లు. పరిగెత్తింది, చెప్పు జారింది, గోడ పట్టుకుంది. తీరా చూస్తే పై అంతస్తావిడ, మీ ట్యాపులో నీళ్ళొస్తున్నాయా అని. వస్తున్నాయండీ, అంది, వస్తున్నాయో లేదో తెలియదు, ఆవిడ వెళ్ళిపోతే చాలు. ఆవిడ వెళ్ళదే, మొహం అలా ఉందేంటి, ఒంట్లో బాగాలేదా అంటుంది. జ్వరమండీ. అయ్యో, ఆవిరి పట్టండి. పడతానండీ. తలుపు వేసి ఫోను చూస్తే బండిబొమ్మ లేదు. ఎక్కడికి పోయిందిరా భగవంతుడా! రేపటికి వాయిదా వేశారా, ఇల్లు దొరకలేదని వెనక్కి పోయాడా? ఎండ మెట్లమీదికి దిగింది. పోనీ ఫోను చేసి చెప్పేస్తే, ఏమని, ఏదో అనుమానంగా ఉందని, ఏం అనుమానం అంటే? బల్లమీద బాగుందన్నది మీరే కదా అంటే?

మళ్ళీ బెల్లు. ఈసారి మామయ్యే ముందు వెళ్ళాడు, ఆమె వెనకనుంచి ఆయన భుజంమీదుగా చూసింది. హెల్మెట్ తీయని మనిషొకడు పెట్టె చాపుతున్నాడు.

"మీ పేరు మీదే సార్."

"నా పేరా? నేనేం తెప్పించలేదే!"

"నేనే మామయ్యా, నేనే, మీకోసమే," అని ఆమె పెట్టె లాగేసుకుంది. లాక్కున్న తీరుకి మామయ్య కళ్ళజోడు పైనుంచి చూశాడు. ఏమీ దిద్దలేదు.

వంటింటి తలుపు దగ్గరగా వేసి పెట్టె చించింది. తమ పొట్లమే, తమ లేబులే, నిటారుగా అంటించారు. పొట్లానికి ముందువైపు ఒక చిన్న రంధ్రం ఉంటుంది, తాజాగా వేయించిన గింజలు లోపల ఊపిరి వదులుతుంటాయి కదా, ఆ గాలి పోవడానికి. కొన్నవాళ్ళు మొదట చేసే పని పొట్లాన్ని నొక్కి ఆ రంధ్రం దగ్గర ముక్కు పెట్టడం. ఆమె కూడా పెట్టింది. కళ్ళు మూసుకుని నొక్కింది. చల్లని గాలి పైపెదవికి తగిలింది. ఇంకోసారి నొక్కింది. రా, ఒక్కసారి రా, మంచిదో చెడ్డదో ఏదో ఒకటి, కుళ్ళు కంపైనా సరే రా. గాలి. పొట్లం చప్పబడిపోయేదాకా నొక్కింది. గాలి తప్ప ఏమీ లేదు.

చేతులు మాత్రం వాటి పని మర్చిపోలేదు. గింజలు తూచాయి, మరలో పోశాయి, గరాటులో కాగితం మడిచి వేడినీళ్ళతో తడిపాయి. పొడిమీద తొలినీళ్ళు పోయగానే అది పిండి పులిసినట్టు పొంగింది, బుడగలు లేచాయి, పగిలాయి. తాజాది. అందులో అనుమానం లేదు, అది కళ్ళతో చూడొచ్చు. కానీ తాజా అయితే మంచిదవాలని ఏముంది, తాజా అబద్ధాలు ఉండవా. నీళ్ళు సన్నగా తిప్పి తిప్పి పోసింది. కిందికి దిగుతున్న ఆ ఎర్రటి ద్రవం ఎంత అందంగా ఉందో! చెంచాడు నోట్లో వేసుకుంది. పులుపు. చేదు. ఆ తర్వాత తలుపు మూసిన గది.

కప్పు పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. పాలు కలపలేదేం అంటాడు, కషాయం అంటాడు, అననీ, ఎంతగా అంటే అంత మంచిది. మామయ్య పేపరు మడిచాడు. కప్పు ఎత్తాడు. ఆమె ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది, మళ్ళీ ఒక మొహంలోకి, బల్ల దగ్గర చూసినట్టే. ఆయన గుటక వేశాడు. రెప్పలు ఒక్కసారి బిగుసుకున్నాయి, వేడికేమో. కప్పు దించి, మూతి తుడుచుకుని, "బాగుందమ్మా," అన్నాడు.

బాగుంది! ఒళ్ళంతా తేలికైపోయింది, నవ్వొచ్చింది, చూశావా, ఊరికే, ఊరికే ఇంత ఏడ్చాను, మాస్టారికి ఏమీ కాదు, వ్యాను పోతే పోనీ, ఆ రాసినాయన ఎవడో, వాడి నోట్లో మన్ను పడ, బాగుందట, మామయ్యే అన్నాడు, మామయ్యే. నవ్వు మధ్యలో ఆగిపోయింది. మామయ్యే అన్నాడు. బాగుందని. ఈ మనిషి. నిన్న రాత్రి కూర గురించి ఏమన్నాడు? ఏమీ అనలేదు. మొన్న? మునిసిపాలిటీ మాట విని ఎన్నాళ్ళయింది? జ్వరం తర్వాత ఒక్క దిద్దుబాటైనా ఉందా? మాడిందేదీ ఉండి ఉండదా, ఇన్నాళ్ళలో? ఆ పాలు. పొయ్యిదాకా వచ్చి వెళ్ళడం. గ్యాసు కట్టానో లేదో చూడటానికా?

"మామయ్యా, మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

ఆయన ఏంటని అడగలేదు. ఆడిన అబద్ధం నిలబెట్టుకోవడం రాని మనిషి, కప్పు పిడి పట్టుకుని తిప్పాడు. "ఆ పాలు విరిగి కంపు కొడుతుంటే పక్కనే నిలబడి పాట పాడుకుంటున్నావ్ కదమ్మా. ఆ రోజే."

"మరి చెప్పలేదే?"

"నువ్వు చెప్పలేదు కదా. నీ ముక్కు గురించి నాకెంత గర్వమో నీకు తెలీదు. పార్కులో అందరికీ చెప్పి చావగొడతా. అది పోయిందని నీతో నేనెలా అనేది?" దగ్గి సర్దుకున్నాడు.

ఏడుపు తన్నుకొచ్చింది, గర్వమట, ఇన్నేళ్ళూ ఉప్పు తక్కువైందని సతాయించిన మనిషికి, కానీ ఏడవడానికి టైం లేదు, ఎండ మెట్లు దిగిపోతోంది. ఆమె ఆయన ఎదురుగా నేలమీద కూర్చుంది. "నన్ను చూసి కాదు మామయ్యా. దాన్ని చూసి చెప్పండి. అచ్చాఫీసులో ఎలా చెప్పేవాళ్ళో అలా. మీ కాళ్ళు పట్టుకుంటా, మంచిమాటలొద్దు నాకు."

మామయ్య కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. కప్పు ఎత్తి, ఈసారి ముందు వాసన చూశాడు, నెమ్మదిగా నోట్లో తిప్పాడు, మింగాడు. మొహం చిట్లించాడు.

"తడిసిన గోనెపట్టా," అన్నాడు చివరికి. "మా గోడౌన్లో వానకి కాగితం కట్టలు నానితే వచ్చేది, అచ్చం అదే. అడుగున మందు వాసనేదో ఉంది. తాగేకొద్దీ పైకొస్తోంది." ఆగి, "ఇది మనుషులకి పంపేది కాదమ్మా," అన్నాడు.

ఆమె లేవలేదు, కూర్చున్నచోటే ఫోను తీసింది. రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. మోగుతోంది, మోగుతోంది, ఎత్తకు, ఎత్తు, ఎత్తకు. ఓనరు ఎత్తాడు, వెనకనుంచి పెట్టెలు ఈడుస్తున్న చప్పుడు, జ్వరం తగ్గిందా మేడం, అంటున్నాడు.

"వ్యాను ఆపండి. కొత్త తోట సరుకు పంపకండి. అది తడిసింది, పాడైంది."

"బల్లమీద బాగుందన్నారు కదండీ మీరు? మాస్టారు సరిగ్గా వేయించలేదనేగా..."

"మాస్టారి చేతిలో తేడా ఏమీ లేదండీ." ఇక్కడే ఆగిపోవచ్చు. ఇంతవరకు చెప్పింది చాలదా, సరుకు ఆగుతుంది, మిగతాది తర్వాత, రేపు, ముక్కు వచ్చాక. మామయ్య ఆమె తలమీద చెయ్యి వేశాడు. "నాకు వాసన తెలియడం లేదండీ. జ్వరం వచ్చినప్పట్నుంచి. తెలియకుండానే బాగుందన్నాను. మీకు చెప్పలేదు."

అవతల పెట్టెల చప్పుడు ఆగింది. ఓనరు ఏదో అనబోయి, ఎవరికో ఆపమని కేకేశాడు. కోపమో కంగారో తెలియడం లేదు, ఇక్కడ మాస్టారున్నారు, ఆ మాట ఆయనకే చెప్పండి, అని ఫోను ఇచ్చేశాడు. ఆమెకి వద్దనాలనిపించింది. ఎవరికైనా చెప్పొచ్చు, ఆయనకి తప్ప. పేర్లన్నీ పెట్టించింది ఆయన.

"ఏమ్మా?"

"మాస్టారూ, నా ముక్కు పోయింది. మీ చెయ్యి బాగానే ఉంది. తప్పు నాది."

ఆయన ఊపిరి వినబడింది, పొగకి అలవాటైన గరగర. తిడతాడు, తిట్టనీ, తిట్టాలి. ఆమె కళ్ళు మూసుకుని ఎదురుచూసింది.

"బతికించావు తల్లీ," అన్నాడు మాస్టారు. "నిన్నట్నుంచి డ్రమ్ము ముట్టుకోవాలంటే భయమేస్తోంది."